ఒక్క ఇంటి పత్రిక

పఠనమందిరం, కిటికీ పక్క బల్ల
వేసవి మొదట్లో

చిరంజీవి చెల్లాయికి,

ఆశీస్సులు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. మన ఇంట్లో రెండు గదుల మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క అడ్డు. నేను ఇవతల దగ్గితే చిన్నవాడు అవతలినుంచి మాత్ర వేసుకున్నావా అని అడుగుతాడు. అటువంటి ఇంట్లో వాడి విషయం వాడికి వినపడకుండా మాట్లాడడం సాధ్యం కాదు. అందుకే సాయంత్రం ఇక్కడికి వచ్చి రాస్తున్నాను. నీవూ జవాబులు ఈ చిరునామాకే పంపు. ఇక్కడి గుమాస్తా నా పాత విద్యార్థి. కవరు విప్పడు, విప్పినా అర్థం చేసుకునేటన్ని మార్కులు వాడికి ఎన్నడూ రాలేదు.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. నీ చిన్నన్నయ్య ఊపిరితిత్తులు ఇక కోలుకోవట. వచ్చే చలికాలం చూస్తాడని హామీ ఇవ్వలేనన్నాడు. చిన్నవాడు నన్ను ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

వాడికి మిగిలిన కోరిక ఒక్కటే. అది నీ చేతిలో ఉంది. నీటి సరఫరా వారి పంపుహౌసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఆ తరవాతా, మేడమీద ఒక గరాటు, దాని కింద సీసా, పక్కన కొలత గాజు పెట్టుకుని వాడు ప్రతి ఉదయం వాన కొలిచిన సంగతి నీకు తెలుసు. వీధివీధంతా 'వానయ్య' అని వెక్కిరించింది. ఆ లెక్కలన్నీ కూర్చి ఇప్పుడొక వ్యాసం రాశాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో వాన పెరుగుతోందని వాడి నిర్ధారణ. ఒక పెద్ద పత్రికకు పంపితే, 'రచయిత పనిచేయు సంస్థ' అన్న గడిలో వీడు 'మా మేడ' అని నింపినందుకు తిప్పి పంపారు.

మీ కళాశాల గ్రంథాలయం నుంచి నీవు నడిపే పత్రిక ఇటువంటి గడులను పట్టించుకోదన్నావు. వ్యాసం ఈ కవరులోనే ఉంది. భాష నేను సరిచూశాను. అయితే ఒక సందేహం: రాసినవాడి దగ్గరా, చదివేవాడి దగ్గరా ఏమీ పుచ్చుకోని పత్రికకు యజమాని ఎవరు? అతని ఉద్దేశమేమిటి? ఊరికే వచ్చేదానిని నేను తేలికగా నమ్మను.

ఇట్లు,
పెద్దన్నయ్య

*

కళాశాల గ్రంథాలయం, వెనక గది
వానలు మొదలయ్యాక

పూజ్యులైన పెద్దన్నయ్యకు,

నమస్కారాలు. మధ్యలో రెండు పొడి ఉత్తరాలు రాసి ఊరుకున్నందుకు కోప్పడకండి. పని పూర్తయ్యాకే వివరంగా రాయాలనుకున్నాను. డాక్టరు మాట చదివిన రోజు నుంచి ఈ పని చేస్తుంటే తప్ప నాకు కాలు నిలవడం లేదు.

పత్రికకు యజమాని లేడన్నయ్యా. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరును ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, లోపలి రాతతో సహా లోకానికి తెరిచిపెట్టారు. ఎవరైనా దింపుకోవచ్చు, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు, మరో పత్రిక పెట్టుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా గ్రంథాలయంలో మూలపడిన ఒక కంప్యూటరు మీద నేనే దాన్ని పెట్టాను. వ్యాసం అందుకోవడం, పరీక్షకులకు పంపడం, దిద్దడం, ప్రకటించడం అన్నీ అందులోనే జరుగుతాయి. చదివేవాడు డబ్బివ్వనక్కర్లేదు, పేరైనా చెప్పనక్కర్లేదు. ఉద్దేశమేమిటని అడిగారు. బావి దగ్గర తాడూ చేదా వదిలి వెళ్ళినవాడి ఉద్దేశం ఏమై ఉంటుందో అదే.

వ్యాసం ఇద్దరు పరీక్షకుల దగ్గరికి వెళ్ళింది. రచయిత ఎవరో వాళ్ళకు తెలియదు, వాళ్ళెవరో రచయితకు తెలియదు. పాపం వాళ్ళను నేను పీక్కుతిన్నాను. ఒకరు ఒప్పుకున్నారు. రెండోవారు రోజువారీ లెక్కలన్నీ వ్యాసంతోపాటు అందరికీ కనబడేలా పెట్టమన్నారు. ఆ మాట చిన్నన్నయ్యకు ఫోన్లో చెప్పాను. 'అన్నీనా? వాన పడని రోజులు కూడానా?' అన్నాడు. అన్నీ పంపాడు. అన్నీ పెట్టాను.

వ్యాసం నిన్న వెలువడింది. పుట అడుగున, ఎంతమంది చదివారో చెప్పే సంఖ్య ఉంటుంది. ప్రతి ఉదయం మారుతుంది. చిన్నన్నయ్య ఫోన్లో ఎలా తెరవాలో వేరే కాగితం మీద రాశాను. మీరే తెరిచి చూపించండి.

మీ
చెల్లాయి

*

పఠనమందిరం
జోరువానల నెల

చిరంజీవి చెల్లాయికి,

ఆశీస్సులు. నీవు చేసినది వైద్యం. డాక్టరు రాసిన మందులకు కదలని మనిషి నీ పత్రిక చూసి లేచి కూర్చున్నాడు. గడ్డం గీసుకుంటున్నాడు. గుమ్మం దాటే ఓపిక లేకపోయినా ఇస్త్రీ చొక్కా కావాలంటున్నాడు. ఎక్కడికిరా పెళ్ళికొడకా అంటే, 'నన్ను చదివేవాళ్ళున్నారన్నయ్యా, ఎవరైనా రావచ్చు' అంటున్నాడు.

తెల్లవారగానే మొదటి మాట, 'సంఖ్య చూడు.' నేను కళ్ళద్దాలు వెతుక్కుని, ఫోన్ తెరిచి చదివి చెప్పాలి. సంఖ్య ఎంతయినా వాడికి పండగే. ఆ చదివినవాళ్ళు ఎవరై ఉంటారో రోజంతా ఊహిస్తాడు. ఎవడో పొరపాటున నొక్కి ఉంటాడురా అని ఒకనాడు ఏడిపించాను. 'పొరపాటున నొక్కినా చదవవచ్చుగా' అన్నాడు.

అసలు విశేషం వేరే ఉంది. నిన్న నీటి సరఫరా అధికారి మన ఇంటికి వచ్చాడు. ఆ కార్యాలయంలో వీడు పనిచేసినన్నాళ్ళూ కుర్చీ చూపినవాడు లేడు. ఆ అధికారి వీడి మంచం అంచున కూర్చున్నాడు. ఊరికి మరో చెరువు తవ్వించాలన్న ఆలోచన చాలాకాలంగా ఉందట. వాన పెరుగుతోందని వీడి వ్యాసం తేల్చింది కనుక ఆ పని ప్రస్తుతానికి ఆపారట. తమ నివేదికలో వీడి వ్యాసాన్నే ఆధారంగా చూపారట. ఆ పుట తెచ్చి చూపించాడు. రచయిత పేరు గౌరవవాచకంతో సహా అచ్చయి ఉంది.

అతను వెళ్ళాక చిన్నవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలసిపోయాడనుకున్నాను. భుజం కదులుతోంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అన్నదమ్ముల మధ్య కొన్ని మర్యాదలుంటాయి.

ఊరికే వచ్చేదానిని నమ్మనని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇట్లు,
పెద్దన్నయ్య

*

గ్రంథాలయం
వానలు తెరిపిచ్చిన వారం

పెద్దన్నయ్యకు,

నమస్కారాలు. ఈ ఉత్తరం చిన్నన్నయ్య కంట పడనివ్వకండి.

వేరే దేశంలోని ఒక పరిశోధక విద్యార్థి పత్రికకు రాశాడు. వ్యాసం చదివి, రోజువారీ లెక్కలన్నీ దింపుకుని, చుట్టుపక్కల ఊళ్ళ వాన లెక్కలతో పోల్చి చూశాడట. చాలా మర్యాదగా రాశాడు. ఒక్క మనిషి ఇన్నేళ్ళు ఒక్క రోజూ వదలకుండా కొలవడం తానెక్కడా చూడలేదన్నాడు. ఆ తరవాత అసలు సంగతి చెప్పాడు. ఒక ఏడాది వరకూ మన లెక్కలూ పక్క ఊళ్ళ లెక్కలూ చెట్టపట్టాలు వేసుకుని నడిచాయి. ఆ ఏటి వానాకాలం నుంచి మనది పదోవంతు ఎక్కువ. మంచి ఏడైనా, కరువు ఏడైనా, సరిగ్గా అదే పదోవంతు. 'వాన ఇలా కొలబద్ద పెట్టి పెరగదు. ఆ సంవత్సరం గరాటు మార్చారా?' అని అడిగాడు.

కొలత గాజు మీది గీతలు గరాటు నోటి వెడల్పును బట్టి గీసినవి. గరాటు నోరు పెద్దదైతే అదే వానకు ఎక్కువ నీళ్ళు పడతాయి. పాత గాజు దాన్ని ఎక్కువ వానగా చూపిస్తుంది. గాజు అడుగున, అది ఎంత నోటికి తగినదో చెక్కి ఉంటుంది. చిన్నన్నయ్య పడుకున్నప్పుడు మీరు మేడెక్కి గరాటు నోరు కొలిచి నాకు రాయగలరా? ఏమీ తేడా ఉండదనే నా ఆశ. ఉండకపోతే ఆ విద్యార్థికి నేనే గట్టిగా జవాబిస్తాను.

మీ
చెల్లాయి

*

పఠనమందిరం

చెల్లాయికి,

నేను కొలవను. అన్నం పెట్టిన ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని విన్నాను, ఇప్పుడు చూశాను. ఊరికే చదవనిచ్చారు, చదువుకుని పోవచ్చు. ఎక్కడో కూర్చుని కోడిగుడ్డుకు ఈకలు పీకే కుర్రవాడికి, వానలో తడిసి కొలిచిన మనిషి సంజాయిషీ చెప్పుకోవాలా? వానలో తడవనివాడికి వాన గురించి ఏం తెలుసు?

పై వాక్యాలు సోమవారం రాశాను. ఈరోజు గురువారం. కవరు నా జేబులోనే ఉండిపోయింది.

కొలిచాను. వీధి చివరి దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చుకుని, వాడికి కునుకు పట్టాక మేడెక్కాను. గాజు అడుగున చెక్కిన అంకె నా కళ్ళకు ఆనలేదు. మళ్ళీ దిగి భూతద్దం తీసుకుని ఎక్కాను. గరాటు నోటిని అటూ ఇటూ కొలిచాను. గాజు మీద ఉన్నదానికంటే అర వేలి మందం ఎక్కువ ఉంది. కుర్రవాడు చెప్పిన పదోవంతుకు అది సరిపోతుంది. నేను తెలుగు పంతులునే అయినా ఆ మాత్రం గుణించగలను.

దిగి వచ్చేసరికి వాడు మేలుకుని ఉన్నాడు. మేడమీద ఏం పని అన్నాడు. బట్టలు తీయడానికి అన్నాను. నా చేతిలో బట్టలు లేవు.

ఇప్పుడు చెల్లాయీ, నిన్నొకటి అడుగుతున్నాను. నీ దగ్గర ఉన్న యంత్రంలో తీసివేసే మీట ఉండకపోదు. దాన్ని నొక్కు. ఆ వ్యాసం ఎన్నడూ అచ్చుకాలేదన్నట్టుగా పోవాలి. వాడు అడిగితే యంత్రం చెడిపోయిందని చెబుతాను. అది కుదరదంటే, వాడు వెళ్ళిపోయేదాకా ఊరుకో. ఎన్నాళ్ళో లేదు.

పెద్దన్నయ్య

*

గ్రంథాలయం, వెనక గది

పెద్దన్నయ్యకు,

నమస్కారాలు. మీట ఉంది. ఈ పత్రికకు నిర్వాహకురాలిని నేనొక్కదాన్నే. నొక్కితే అడిగేవాళ్ళు లేరు. దాని ఎదురుగా కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వచ్చిన అటెండరు, కంప్యూటరు పాడైందా అమ్మా అని అడిగి వెళ్ళాడు. నొక్కలేకపోయాను.

ఎందుకంటే ఆ వ్యాసం ఇప్పటికే మన చేతిలో లేదు. తెరిచిపెట్టాం కనుక ఎందరో దింపుకున్నారు. ఇక్కడ మాయం చేస్తే వాళ్ళ దగ్గరున్నది తప్పని వాళ్ళకు ఎవరు చెబుతారు? ముఖ్యంగా నీటి సరఫరా వాళ్ళకు. లెక్క సరిచేసి చూశాను. ఊళ్ళో వాన పెరగడం లేదన్నయ్యా. ఒక పిసరు తగ్గుతోంది కూడా. చెరువు తవ్వడం ఆగింది చిన్నన్నయ్య మాట మీద. రేపు నీళ్ళు చాలక జనం బిందెలు పట్టుకుని నిలబడితే అది కూడా ఆయన మాట మీదే. మనం ఊరుకున్న ప్రతి నెలా ఆ పాపం ఆయన పేరున జమవుతుంది.

పద్ధతి ఒక్కటే ఉంది. వ్యాసం అక్కడే ఉంటుంది. ప్రతి పుట మీదా అడ్డంగా 'ఉపసంహరణ' అని ముద్ర పడుతుంది. ఎందుకో చెప్పే ప్రకటన పక్కనే ఉంటుంది. తప్పును చెరిపేయం, తప్పని రాసి, నిలబెడతాం.

ఆ ప్రకటన ఎవరు రాయాలి, ఎలా రాయాలి అన్నది నాకు వదిలిపెట్టండి. మీరు చిన్నన్నయ్య పక్కన ఉండండి, చాలు.

మీ
చెల్లాయి

*

పఠనమందిరం

చిరంజీవి చెల్లాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

నీ సాఫ్ట్‌వేరులోని తెలుగు మాటలన్నిటినీ ఒకప్పుడు, దేనికో చెప్పకుండానే, నాకు పంపి దిద్దించుకున్నావు. 'వెనుకకు తీసుకొనబడినది' అని ఎవరో ముతకగా రాసినదాన్ని కొట్టివేసి 'ఉపసంహరణ' అన్న మాట పెట్టినది నేనే. నిండైన మాట దొరికిందని ఆ పూట నేను భోజనం కూడా తృప్తిగా చేశాను. అది ఎవరి ముఖాన పడుతుందో ఆలోచించలేదు.

ముద్ర వేసెయ్యి. నేను అడ్డు రాను. నేను ఆ పుట తెరవను కూడా. కాని వాడు తెరుస్తాడు, కాదు, నాచేత తెరిపిస్తాడు. తెల్లవారగానే అడుగుతాడు. నేను ఏమని చదవను?

మూడు రోజులుగా ఆలోచించి ఇది రాస్తున్నాను. ఆ సాఫ్ట్‌వేరును ఎవరైనా దింపుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా మరో పత్రిక పెట్టుకోవచ్చు అన్నావు. అయితే మరొకటి పెట్టు. అచ్చం ఇలాంటిదే. అదే పేరు, అదే రంగు, అవే వ్యాసాలు. దానిలో వీడి వ్యాసం ముద్ర లేకుండా ఉండాలి. లోకానికి కనబడనక్కర్లేదు, ఈ ఒక్క ఇంటికి కనబడితే చాలు. అడుగున సంఖ్య రోజూ నీవే కొంచెం పెంచు. వాడి ఫోన్లో చిరునామా నేను మారుస్తాను.

లోకానికి నిజం, నా తమ్ముడికి నకలు. ఇందులో ఎవరికి నష్టమో నాకు కనబడడం లేదు. అబద్ధమాడిన పిల్లలను ఎండలో నిలబెట్టిన మనిషి ఈ మాట అడుగుతున్నాడని నీవు అనుకుంటావు. అనుకో.

ఇట్లు,
పెద్దన్నయ్య

*

గ్రంథాలయం

పెద్దన్నయ్యకు,

నమస్కారాలు. మీరు అడిగింది చేశాను. చిరునామా ఈ కాగితం వెనక ఉంది. చివర ఒక అక్షరమే తేడా. రంగులు, పేరు, పాత సంచికలు అన్నీ సరిచూశాను. పెట్టడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఇంత సులువు కాకపోతే బాగుండేదనిపించింది.

అసలు పత్రికలో ఉపసంహరణ ప్రకటన నిన్న వెలువడింది. నీటి సరఫరా వారికీ, ఆ విద్యార్థికీ ప్రతులు వెళ్ళాయి. మీరు ఎప్పుడైనా చూడాలనుకుంటే అది అక్కడే ఉంటుంది. బలవంతం చేయను.

చిన్నన్నయ్యకు రాత్రిళ్ళు దిండ్లు ఎత్తుగా పెట్టండి. మీరూ కాస్త తినండి.

మీ
చెల్లాయి

*

పఠనమందిరం
చలి మొదలయ్యాక

చిరంజీవి చెల్లాయికి,

ఆశీస్సులు. నీ నకలును మెచ్చుకోవడానికి నాకు నోరు రావడం లేదు, మెచ్చుకోకుండా ఉండడమూ చేతకావడం లేదు. నేనే ఒక్కోసారి భ్రమపడుతున్నాను. ఉదయం సంఖ్య చదివేటప్పుడు, ఎవరో నిజంగా చదివారన్నట్టే నా గొంతు పలుకుతోంది.

మొదటి వారం సంఖ్య ప్రతిరోజూ ఒకే తీరున పెరుగుతుంటే భయపడ్డాను. తరవాత సరిదిద్దావు. ఆదివారం పెరుగుదల తగ్గుతోంది, సోమవారం పుంజుకుంటోంది. ఒకనాడు అసలు కదలలేదు. 'ఇవాళ ఎవరూ చదవలేదా' అని వాడు నిట్టూర్చాడు. మర్నాడు పెరిగితే, 'చూశావా, నిన్నటి వాళ్ళు కూడా ఇవాళే చదివారు' అన్నాడు. ఇంత లోకజ్ఞానం నీకెక్కడిదో నాకు తెలియదు. వాడికి మాత్రం రవ్వంత అనుమానం రాలేదు.

నీటి సరఫరా అధికారి మొన్న మళ్ళీ వచ్చాడు. అదృష్టవశాత్తు వీధి మలుపులోనే ఎదురయ్యాను. 'వానయ్యగారు రాసినది చూశామండీ, ఒకసారి స్వయంగా' అని మొదలుపెట్టాడు. దెప్పడానికి వచ్చాడని అర్థమైంది. రోగిని కదిలించరాదని డాక్టరు చెప్పాడని, మాట పూర్తికానివ్వకుండా తిప్పి పంపించాను. నా జన్మలో ఎవరి వాక్యాన్నీ మధ్యలో తుంచలేదు.

వాడు బాగా తగ్గిపోయాడు. చెంచాతో పట్టినది కూడా లోపలికి పోవడం లేదు. నిన్న ఎందుకో, 'అన్నయ్యా, నీవు సంఖ్య చదివితే వినడానికి బాగుంటుంది' అన్నాడు. నీవు రావలసిన సమయం వచ్చింది. సెలవు పెట్టి రా.

పెద్దన్నయ్య

*

గ్రంథాలయం, వెనక గది
చలికాలం నడుమ

పెద్దన్నయ్యకు,

నమస్కారాలు. చిన్నన్నయ్య పోయాక అన్ని రోజులు మీ ఎదురుగా కూర్చుని కూడా ఈ మాట చెప్పలేకపోయాను. బస్సు దాకా వచ్చి నా సంచి మీరే పైకి అందించారు. అప్పుడైనా చెప్పాలనుకున్నాను. మీ ముఖం చూసి, వెళ్ళొస్తానని మాత్రం అన్నాను.

చిన్నన్నయ్యకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

మీరు టేపు తీసుకుని మేడెక్కిన మర్నాడే, మీరు పఠనమందిరానికి వెళ్ళిన వేళ చూసి నాకు ఫోన్ చేశాడు. 'అన్నయ్య నిన్న మేడమీద రెండుసార్లు తిరిగాడు. రెండోసారి భూతద్దం తీసుకుపోయాడు. బట్టలంటాడు. భూతద్దంతో చూసే బట్టలు మన ఇంట్లో లేవు. గరాటు సంగతేనా?' అన్నాడు. నేను అబద్ధమాడలేకపోయాను. విద్యార్థి రాసింది చదివి వినిపించాను. ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ విన్నాడు. 'వాడు చెప్పింది నిజమే చెల్లాయ్. ఇరవయ్యేళ్ళు ఆ గాజు పట్టుకున్నాను, నాకు తోచలేదు' అన్నాడు. అప్పటికప్పుడే ప్రకటన చెప్పి నాచేత రాయించాడు. మీరు ఆ పుట తెరవరని తెలుసు కనుక ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

'ఈ వ్యాసాన్ని రాసిన నేనే దీన్ని ఉపసంహరిస్తున్నాను. పాత గరాటు తుప్పు పట్టినందున కొత్తది చేయించాను. రేకుపనివాడు నోరు కాస్త పెద్దది చేశాడు. పోనీలెండి, ఇంకో నాలుగు చుక్కలు పడతాయి అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. గాజు కూడా మార్చాలని నాకు తోచలేదు. ఆనాటి నుంచి నా లెక్కలన్నీ పదోవంతు ఎక్కువ. అంతకు ముందువి సరైనవి. వాన పెరగలేదు. పెరిగిందని నమ్మి నీళ్ళ పని ఏదైనా ఆపినవారు దయచేసి మళ్ళీ మొదలుపెట్టండి. భాష చూసిన మా అన్నయ్యకు ఈ కొలతలతో సంబంధం లేదు. తప్పు పట్టుకున్న విద్యార్థికి కృతజ్ఞుణ్ణి. ఇన్నేళ్ళలో నా లెక్కలను చివరిదాకా చదివినవాడు అతనొక్కడే.'

తరవాత మీరు నకలు పెట్టమని రాశారు. ఆ ఉత్తరం కూడా చిన్నన్నయ్యకు చదివి వినిపించాను. నన్ను క్షమించండి. విని, 'పెట్టు. అన్నయ్య అబద్ధం అడిగాడంటే లోపల ఎంత కుమిలిపోయాడో చూడు. నాకు తెలుసని తెలిస్తే ఇక తట్టుకోలేడు' అన్నాడు. సంఖ్యల చాతుర్యం నాది కాదు. మొదటి వారం తరవాత ఫోన్ చేసి కేకలేశాడు. 'రోజూ ఒకేలా పెంచుతున్నావేమిటే? ఆదివారం కూడా అంతేమంది చదువుతారా? ఇది నేను పట్టుకోకపోతే నాకు మతి పోయిందనుకుంటాడు అన్నయ్య. కాస్త నమ్మేలా చెయ్యి, నటించలేక చస్తున్నాను' అన్నాడు. ఇద్దరం నవ్వాం. తనకు దగ్గు తెర వచ్చింది, పెట్టేశాడు. అదే మేం చివరిసారి నవ్వుకోవడం.

విద్యార్థి సరిచేసిన లెక్కలతో కొత్త వ్యాసం రాస్తున్నాడు. కొలతలు చిన్నన్నయ్యవని మొదటి పుటలోనే చెబుతాడట.

నకలు పత్రిక ఇంకా నడుస్తోంది. నాకై నేను తీసేయలేకపోతున్నాను. మీరు చెప్పండి.

మీ
చెల్లాయి

*

ఇల్లు

చిరంజీవి చెల్లాయికి,

ఆశీస్సులు. చిరునామా చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. ఇక పఠనమందిరానికి వెళ్ళి రాయవలసిన పని లేదు కదా.

నీ ఉత్తరం చదివినప్పుడు, వాడి ప్రకటన దగ్గరికి వచ్చేసరికి, అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను చేతిలోకి వచ్చింది. అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ చదివాను. దిద్దడానికి ఒక్క చోటు దొరకలేదు. అంత శుభ్రమైన వచనం నా ఉద్యోగకాలంలో నేనెవరికీ నేర్పలేదు. వాడి వ్యాసం నా చేతికి వచ్చినప్పుడు పుటకు పది తప్పులుండేవి. చిన్నప్పుడు వాడి సెలవు చీటీలో కూడా ఉండేవి. ఊపిరి ఆడక, మంచంలో పడుకుని, నోటితో చెప్పిన మాటల్లో ఒక్క తప్పూ దొర్లనివ్వనివాడు, తీరికగా రాసిన కాగితాల్లో అన్ని ఎందుకు వదిలాడు? ఎవరి కోసం వదిలాడు? అడగడానికి మనిషి లేడు.

అధికారి దగ్గరికి నిన్న నేనే వెళ్ళాను. ఆనాడు అతను దెప్పడానికి రాలేదట. ప్రకటన చూసి, చెరువు పని మళ్ళీ చేపట్టామని వాడికి స్వయంగా చెప్పి దణ్ణం పెట్టుకుందామని వచ్చాడట. ఆ మాట వాడికి అందకుండా వీధి మలుపులో అడ్డుకున్నది నేను. కుర్చీ చూపించాడు. కూర్చోలేకపోయాను.

చివరి రోజుల్లో మాట పడిపోయాక కూడా వాడు ఉదయం ఫోన్ వైపు చూసేవాడు. నేను సంఖ్య చదివేవాణ్ణి. తల ఊపేవాడు. చివరి ఉదయం, చదవడం అయ్యాక, నా ముంజేతిని రెండుసార్లు తట్టాడు. సంతోషమనుకున్నాను. పాఠం తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లవాణ్ణి నేను కూడా అలాగే తట్టేవాణ్ణి.

నకలు తీసేయి. దానికి ఉన్న పాఠకుణ్ణి నేనొక్కణ్ణే అని తేలింది. నేను చదవడం అయిపోయింది.

ఇట్లు,
పెద్దన్నయ్య